గ్రీన్ కార్డు సంబంధం: పెళ్లి వైశాఖంలో, రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పుడే అంటున్నారు

కావలి కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది కావలి. మా చెల్లికి సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్లది సింగరాయకొండ, ఉద్యోగం డల్లాస్‌లో. పోయినేడు కంపెనీ ద్వారా గ్రీన్ కార్డు వచ్చింది. మనిషి నెమ్మదస్తుడు, ఇంట్లో అందరికీ నచ్చాడు. తాంబూలాలు కూడా మార్చుకున్నాం. చిక్కంతా ముహూర్తం దగ్గర వచ్చింది. అబ్బాయి ఇక్కడ ఉండేది ఈ నెలాఖరు దాకానే. ఇప్పుడేమో మూఢం. అది పోయాక వచ్చే ముహూర్తాలకు ఆయనకు సెలవు దొరకదట. చివరికి వైశాఖంలో ఒకటి ఖాయం చేశారు.

అందుకని అబ్బాయి వాళ్ల నాన్నగారు ఒక దారి చెప్పారు. ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టేస్తే, అబ్బాయి వెనక్కి వెళ్లగానే భార్యను అమెరికా తీసుకెళ్లడానికి మా చెల్లి పేరు మీద ఐ-130 అనే పిటిషన్ వేస్తాడట. క్యూలో మన తేదీ ముందుగా పడుతుందట. వైశాఖంలో బంధువులందరి మధ్య ఘనంగా పెళ్లి చేసుకోవచ్చంటున్నారు. మరి ఫారంలో పెళ్లి జరిగిన తేదీ, స్థలం అడుగుతారు కదా అంటే, మధ్యవర్తి ఠక్కున "మాలకొండ గుడి అని రాసేద్దాం, ఎవరడుగుతారు?" అన్నాడు.

మా నాన్నకు ఇది బాగానే ఉంది. మా నాయనమ్మకు ససేమిరా ఇష్టం లేదు, కానీ ఆవిడ కారణాలు వేరు. నన్ను ఇరకాటంలో పెట్టింది మాత్రం మా చెల్లి. "అన్నా, ఈ మధ్యలో ఏదైనా తేడా వస్తే అప్పుడు నేను పెళ్లయినదాన్నా, కానిదాన్నా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

టంగుటూరు మిర్చి:

ఇందులో ఏముంది బ్రో. మా పిన్ని కొడుకుదీ ఇట్లనే చేశాం. ముందు రిజిస్టర్, తర్వాత పెళ్లి. ఇప్పుడు ఇద్దరూ న్యూజెర్సీలో హాయిగా ఉన్నారు. లేనిపోని టెన్షన్ పెట్టుకోవద్దు.

పాత రిజిస్టరు (ఒంగోలు):

అబ్బాయ్, నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పెళ్లిళ్ల రిజిస్టరు చాలాకాలం నా బల్ల మీదే ఉండేది. కాబట్టి ముందు మాలకొండ సంగతి తేల్చేద్దాం.

మాలకొండ గుడి తలుపులు తీసేది వారానికి ఒక్క శనివారమే. మన వైపు పుట్టిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. అయినా సరే, మాలకొండలో స్వామి సన్నిధిన పెళ్లి జరిగిందని బుధవారం తేదీ వేసి ఫారం పట్టుకొచ్చినవాళ్లను చూశాను. సాక్షిగా వచ్చిన ముసలాయన్ని "ఏం పెద్దాయనా, ఆ రోజు గుడి తెరిచారా?" అని అడిగితే ఆయన పెళ్లికొడుకు తండ్రి వైపు చూశాడు. తండ్రి మధ్యవర్తి వైపు చూశాడు. మధ్యవర్తి టీ తాగొస్తానని బయటికి పోయాడు. వాళ్ల ఫారం వెనక్కిచ్చేశాం. మేమంటే ఊరివాళ్లం కాబట్టి నవ్వి ఊరుకున్నాం. అదే తేదీ అమెరికా కాన్సులేట్ ఫైల్లోకి ఎక్కితే అక్కడ ఎవరూ నవ్వరు.

ఇక అసలు విషయం. హిందూ వివాహ చట్టం 1955 కింద మా ఆఫీసులో ఎవరికీ పెళ్లి చేయం. అప్పటికే జరిగిన పెళ్లిని పుస్తకంలో ఎక్కిస్తాం, అంతే. చట్టంలో 7వ సెక్షన్ పెళ్లి ఎలా జరగాలో చెబుతుంది: రెండు వైపులా ఎవరో ఒకరి ఆచారం ప్రకారం జరగాలి, ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. 8వ సెక్షన్ రిజిస్ట్రేషన్ గురించి. అది సాక్ష్యం కోసం పెట్టింది. పెళ్లే లేనప్పుడు సాక్ష్యం దేనికి?

2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అచ్చంగా ఇలాంటి కేసే తేల్చింది. ఇద్దరూ పైలట్లు. 2021లో నిశ్చితార్థం చేసుకున్నారు, తంతు ఏదీ లేకుండానే సర్టిఫికెట్ పుట్టించి రిజిస్టర్ చేయించుకున్నారు. అసలు పెళ్లి 2022 అక్టోబర్‌లో పెట్టుకున్నారు. ఈలోగా చెడింది. కేసులు, కోర్టులు. చివరికి జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ఉన్న ధర్మాసనం వాళ్లసలు భార్యాభర్తలే కారని, ఆ సర్టిఫికెట్ చెల్లదని చెప్పింది. వీసా తొందరలో తల్లిదండ్రులు ముందుగా రిజిస్ట్రేషన్ చేయించే అలవాటును కూడా ఆ తీర్పులో ప్రస్తావించి మందలించారు. అంటే మీ మధ్యవర్తి చెప్పిన ఐడియా ఢిల్లీ దాకా పోయి ఓడిపోయి వచ్చింది.

నీ చెల్లెలు అడిగినదానికి నా జవాబు ఇది. అలా రిజిస్టర్ చేస్తే ఆ అమ్మాయి కాగితం మీద పెళ్లయినది, చట్టం ముందు కానిది. రేపు అబ్బాయి ఫోన్ ఎత్తడం మానేస్తే, ఇంకో సంబంధం చూసుకోవాలన్నా ముందు కోర్టుకెళ్లి ఆ కాగితాన్ని కొట్టేయించుకోవాలి. ఆ తిప్పలన్నీ ఆడపిల్ల వైపే. డల్లాస్‌లో కూర్చున్నవాడికి ఏ నొప్పీ ఉండదు. అబ్బాయి మంచివాడంటున్నావు, కాదనను. కాగితం మాత్రం మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు.

కొండపి కోడలు (ఆస్టిన్):

పాత రిజిస్టరు బాబాయ్ గారు ఇండియా వైపు చెప్పారు. నేను అమెరికా వైపు చెబుతాను. నాదీ గ్రీన్ కార్డు మొగుడి కేసే, కొండపిలో అత్తగారింట్లో కూర్చుని ఎదురుచూసి వచ్చినదాన్నే.

అమెరికా వాళ్లు చూసేది ఒకటే: పెళ్లి జరిగిన చోట ఆ చట్టం ప్రకారం అది చెల్లుతుందా? ఇక్కడ చెల్లని పెళ్లి అక్కడా చెల్లదు. పైగా ఐ-130 వేసిన రోజుకే పెళ్లి అయి ఉండాలి. పిటిషన్ ఇప్పుడు వేసి, నిజం పెళ్లి వైశాఖంలో చేసుకుంటే ఆ పిటిషన్ బతకదు. ముందు పడిందనుకున్న తేదీ కూడా దాంతోపాటే పోతుంది, మళ్లీ మొదటి నుంచి వేయాలి. లాభం ఏముంది?

పెళ్లి తేదీ గురించి అబద్ధం చెప్పి దొరికితే అది ఇంకా పెద్ద తలనొప్పి. తప్పుడు సమాచారంతో వీసా అడిగారని తేలితే జీవితాంతం నిషేధం పడుతుంది. దానికి మినహాయింపు అడిగే దారి ఉంది కానీ, అది అంత తేలిక కాదు. ముంబయి ఇంటర్వ్యూలో నన్ను అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు: పెళ్లి ఎక్కడ జరిగింది, ఎవరెవరు వచ్చారు, ఆ రోజు రాత్రి భోజనాలు ఎక్కడ పెట్టారు. మా మామగారు కూరలో ఉప్పు ఎక్కువైందని వంటవాళ్లతో గొడవ పడ్డారని చెబితే ఆ ఆఫీసరమ్మ నవ్వింది. జరిగిన పెళ్లికి ఇలాంటివి నోటికి వాటంతట అవే వస్తాయి. జరగని మాలకొండ పెళ్లికి మీ చెల్లి ఏం చెబుతుంది?

అన్నట్టు ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో అనుకునేరు. అమెరికా కాన్సులేట్ అక్కడున్నా, ఇమ్మిగ్రెంట్ వీసాలకు ముంబయి వెళ్లాలి.

ఇంకోటి. మన వైపు గ్రీన్ కార్డు అనగానే కట్నం ఒక మెట్టు ఎక్కుతుంది. కానీ భార్యను త్వరగా తీసుకెళ్లే విషయంలో హెచ్1బీ ఉద్యోగ వీసా వాడే నయం! హెచ్1బీ అయితే పెళ్లి కాగానే హెచ్4 అనే భార్య వీసా మీద కొద్ది నెలల్లో వెళ్లిపోవచ్చు. గ్రీన్ కార్డు వచ్చాక హెచ్4 అనే దారే ఉండదు. సిటిజన్ భార్యకు ఏటా ఇన్ని వీసాలే అనే పరిమితి లేదు, క్యూ ఉండదు. గ్రీన్ కార్డు వాళ్ల భార్య మాత్రం ఎఫ్2ఏ అనే కేటగిరీలో, క్యూ ఏ తేదీ దాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా చూసుకుంటూ కూర్చోవాలి. మధ్యలో భర్తకు సిటిజన్‌షిప్ వస్తే అదే పిటిషన్ పైకి మారుతుంది, కొత్తగా వేయక్కర్లేదు. కానీ మామూలుగా గ్రీన్ కార్డు వచ్చాక అయిదేళ్లు ఆగాలి. ఇంకా గ్రీన్ కార్డు రాని అబ్బాయిల సంబంధాలు చూస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వినండి: కార్డు చేతికి రాకముందే పెళ్లి అయితే, భార్య అతని కేసులోనే భాగంగా తర్వాత వచ్చి చేరొచ్చు, ఈ ఎఫ్2ఏ క్యూ బాధ ఉండదు. మా ఆయనకు కార్డు వచ్చింది పెళ్లికి కొద్దిగా ముందు. అత్తగారు వీధంతా స్వీట్లు పంచారు. ఆ స్వీట్లు నాకెంత ఖరీదయ్యాయో ఆవిడకు ఇప్పటికీ తెలియదు!

విజిట్ వీసా మీద పోయి అక్కడే ఉండిపోదాం అనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు, చూడండి. పిటిషన్ నడుస్తుండగా విజిటర్ వీసా రావడమే కష్టం. ఫారంలో దాన్ని దాస్తే మళ్లీ పైన చెప్పిన నిషేధమే.

మీ చెల్లి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో ఇప్పుడే చూడండి. ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, తర్వాత ప్రతి కౌంటర్లో కథ చెప్పుకోవాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చాలని రూలేమీ లేదు, నేను మార్చలేదు.

టంగుటూరు సుబ్బులు:

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోవద్దు. మా అక్క కూతురికి వచ్చిన సంబంధం కూడా అమెరికాదే, అబ్బాయికి రెండో పెళ్లి. మొదటి పెళ్లి తిరుపతిలో జరిగిందట, విడాకులు మాత్రం అక్కడి కోర్టులో ఆయన ఒక్కడే తీసుకున్నాడట. అమ్మాయి హాజరు కాలేదట. ఆ కాగితం చూపిస్తున్నారు. అది చాలా?

నెల్లూరు ప్లీడరు:

సుబ్బులు గారూ, ఆ ఒక్క కాగితం చూసుకుని ముహూర్తం పెట్టుకోకండి. 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది దాదాపు మీరు చెప్పిన కథే. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త అమెరికా వెళ్లి మిస్సోరీ కోర్టులో డిక్రీ తెచ్చుకుని ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీని ఇక్కడ గుర్తించలేదు. మన చట్టంలో ఉన్న కారణాల మీద కాకుండా, అవతలి మనిషి ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకుని హాజరు కాకుండా తెచ్చుకున్న విదేశీ విడాకులు ఇక్కడ చెల్లవన్నారు. అమెరికాలో ఆయన విడాకులైనవాడే కావచ్చు. కానీ మీ అమ్మాయి పెళ్లి ఇక్కడ జరిగితే, మొదటి భార్య బతికుండగా చేసుకున్న రెండో పెళ్లి కింద వస్తుంది. పెళ్లి ఇక్కడ చెల్లకపోతే పైన కొండపి కోడలు గారు చెప్పినట్టు అక్కడి పిటిషన్ కూడా కదలదు. మొదటి భార్య సమ్మతితో ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో విడాకులు వచ్చాకే మాట్లాడమనండి.

ఇంకో చిన్న విషయం. అతనికి గ్రీన్ కార్డు ఉంటే అది ఎలా వచ్చిందో అడగండి. మొదటి పెళ్లి ద్వారా వచ్చి ఉంటే, అయిదేళ్లు నిండకముందు కొత్త భార్యకు పిటిషన్ వేయాలంటే మొదటిది నిజం పెళ్లేనని గట్టి రుజువు చూపాలి.

కావలి కుర్రోడు:

పాత రిజిస్టరు గారూ, కొండపి అక్కా, చాలా థ్యాంక్స్. మీ జవాబులు మా నాన్నకు చదివి వినిపించాను. మాలకొండ శనివారం సంగతి వినగానే ఆయన కూడా నవ్వాడు, తర్వాత మధ్యవర్తికి ఫోన్ చేశాడు. అబ్బాయితో మా చెల్లే నేరుగా మాట్లాడింది. ఆయనేమీ మొండికేయలేదు, "మా నాన్న చెప్పాడు కదా అని ఊరుకున్నాను, మీకు ఎలా వీలైతే అలా" అన్నాడట.

ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, మూఢమైనా సరే ఈ నెలలోనే చిన్నగా నిజంగా పెళ్లి చేసేయడం. రెండు, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద ఆఫీసులోనే చేసుకోవడం. ఏది నయం? అబ్బాయి జీతం చూపించాలంటున్నారు, అదెంత ఉండాలి?

పాత రిజిస్టరు (ఒంగోలు):

చట్టానికి మూఢం లేదు అబ్బాయ్. మీ నాయనమ్మకు ఉంది. ఆవిడతో నువ్వే తేల్చుకో.

స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ 1954 కింద అయితే ఆఫీసులో జరిగేదే పెళ్లి. తాళి, తలంబ్రాలు లేకపోయినా చెల్లుతుంది. కానీ ముందు నోటీసు ఇవ్వాలి, ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. మీ చెల్లి కావలిలోనే ఉంటుంది కాబట్టి అది సరిపోతుంది. నోటీసు అంటించాక 30 రోజులు ఆగి, ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే, ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి. నోటీసు ఇచ్చిన మూడు నెలల లోపు కాకపోతే మళ్లీ కొత్త నోటీసు. నెలాఖరుకు విమానం ఎక్కేవాడికి ఈ లెక్క కుదరదు. మేనరికం వాళ్లయితే ఇందులో ఇంకో మెలిక ఉంది, ఆచారం ఉందని చూపించాలి. మీకది లేదనుకుంటాను.

కాబట్టి వైశాఖం దాకా ఆగడమో, లేదంటే ఇప్పుడే ఇంటి దగ్గర పెద్దల మధ్య పంతుల్ని పిలిచి జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, ఏడడుగులు అన్నీ నిజంగా జరిపించి, ఆ తేదీనే రిజిస్టర్ చేయించుకోవడమో. రెండో దారిలో వెళితే వైశాఖంలో మీరు చేసేది విందు అవుతుంది. శుభలేఖలో ఏం అచ్చు వేయించినా సరే, అమెరికా ఫారాలన్నిటిలో మొదటి తేదీయే రాయాలి. రెండు తేదీలు, రెండు ఆల్బమ్‌లు పెట్టుకుని ఇంటర్వ్యూలో తడబడేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే ఆగమంటాను. నాలుగు నెలల క్యూ కోసం నాయనమ్మ కళ్లనీళ్లు పెట్టుకునే పెళ్లి చేయడం నాకు సబబుగా తోచదు. కానీ ఇది నా అభిప్రాయం మాత్రమే, చట్టం రెండిటినీ ఒప్పుకుంటుంది.

కొండపి కోడలు (ఆస్టిన్):

జీతం గురించి. అబ్బాయి ఐ-864 అనే పూచీకత్తు సంతకం పెట్టాలి. అక్కడి ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరికపు లెక్కకు 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి సుమారు 26,437 డాలర్లు. డల్లాస్ సాఫ్ట్‌వేర్ జీతానికి అదేం లెక్క కాదు. తక్కువైతే ఇంకొకరు తోడు సంతకం పెట్టొచ్చు, కానీ వాళ్లు అమెరికాలో ఉండే సిటిజన్ గానీ, గ్రీన్ కార్డు వాళ్లు గానీ అయి ఉండాలి. కావలిలో ఎన్ని రొయ్యల చెరువులున్నా మీ నాన్నగారి సంతకం పనికిరాదు. ఆ పూచీ విడాకులైనా పోదు, ఇది అబ్బాయిలకు చాలామందికి తెలియదు.

ఫీజులు: ఐ-130కి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. తర్వాత ఎన్‌వీసీ (అమెరికా నేషనల్ వీసా సెంటర్) దగ్గర వీసాకు 325, పూచీకత్తు కాగితాలకు 120. వీసా వచ్చాక 235. ఇవన్నీ ప్రభుత్వ సైట్లలోనే కట్టాలి, కట్టేముందు అప్పటి రేటు అక్కడే చూసుకోండి. ఏజెంటు ఎవరైనా "కాన్సులేట్‌లో మనవాళ్లున్నారు" అంటే లేచి వచ్చేయండి.

వెళ్లే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే మీ చెల్లికి రెండేళ్ల కార్డే ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి పూర్తి కార్డు కోసం ఐ-751 అనే దరఖాస్తు వేయాలి. హింసో, విడాకులో జరిగితే భర్త సంతకం లేకుండా ఆమె ఒక్కతే వేసుకునే వీలుంది. చాలామంది అమ్మాయిలు అది తెలియక ఆ సంతకం కోసమే అన్నీ భరిస్తారు. మీ చెల్లికి ఇది ఇప్పుడే చెప్పి పంపండి. ఇక్కడ ఉండగానే ఏదైనా తేడా వస్తే జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్లిళ్లకు విడిగా సెల్ ఉంది.

కావలి కుర్రోడు:

వైశాఖం దాకా ఆగాలని నిర్ణయించుకున్నాం. అబ్బాయి వాళ్ల నాన్నగారు కొంచెం ముఖం మాడ్చుకున్నారు, కానీ ఒప్పుకున్నారు. ఈలోగా కాగితాలు రెడీ చేసుకుందామని చూస్తే, చెల్లి పుట్టిన సర్టిఫికెట్టే లేదు. అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, ఇంట్లోనే పుట్టింది. ఎక్కడా రాయించలేదట. టెన్త్ సర్టిఫికెట్ సరిపోతుందా?

పాత రిజిస్టరు (ఒంగోలు):

ఒక్క టెన్త్ సర్టిఫికెట్ మీద ఆధారపడకు. పుట్టిన ఊరి పంచాయతీలో ముందు వెతికించు, ఒక్కోసారి ఏఎన్ఎం రాయించే ఉంటుంది, మీకు తెలియకపోవచ్చు. లేదంటే ఎంట్రీ లేదని రాతపూర్వకంగా సర్టిఫికెట్ తీసుకో. దాంతో ఆలస్య నమోదుకు దరఖాస్తు పెట్టు. ఏడాది దాటిన పుట్టుకలకు ఇదివరకు చట్టంలో ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు ఆర్డరు కావాలని ఉండేది. 2023లో చట్టం సవరించాక జిల్లా మెజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు స్థాయిలో ఆర్డరు ఇస్తున్నారు. అంటే ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరగాలి. అది చేతికొచ్చేసరికి వైశాఖం రానే వస్తుంది, కాబట్టి ఈ సోమవారమే మొదలుపెట్టు. చెల్లెలి పేరు, మీ అమ్మానాన్నల పేర్లు పాస్‌పోర్టులో ఏ స్పెల్లింగ్‌తో ఉన్నాయో అచ్చంగా అదే స్పెల్లింగ్ రాయించు. పెళ్లి రిజిస్ట్రేషన్ రోజున కూడా అంతే. సంతకం పెట్టేముందు కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడి పక్కన నిలబడి అక్షరం అక్షరం చదువుకో. వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.